వెనకవైపు చుక్క

ముప్పై ఆరో చీటీ వెనక చుక్క ఉంది. ముప్పై ఏడో చీటీ వెనకా ఉంది. ముప్పై ఎనిమిదో చీటీని గోటితో మెల్లగా లేపి, మెడ వంచి, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని చూశాడు. లేదు.

తన కళ్ళనైనా వెంటనే నమ్మే మనిషి కాదాయన. చీటీని బోర్డు మీంచి పూర్తిగా ఊడదీసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి అడ్డంగా పట్టుకున్నాడు. పసుపు కాగితం, పైన జిగురు గీత, ఆ జిగురుకి అంటిన కాస్త దుమ్ము. చుక్క లేదు. ముందువైపు మాత్రం నల్ల సిరాతో గుండ్రటి అక్షరాలు: '38. రోగిని ఒక మంచం నుంచి ఇంకో మంచానికి మార్చడం.'

ఆఫీసులోకి ఇంకా ఎవరూ రాలేదు. కుర్చీలు బల్లల కిందికి తోసి ఉన్నాయి. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. ఆ తడి మీద ఆయన చెప్పుల గుర్తులు ఒక్కటే, తలుపు నుంచి బోర్డు దాకా, బోర్డు నుంచి కిటికీ దాకా. ఆయన ఆ గుర్తులని కూడా ఒకసారి పరకాయించి చూశాడు. తనవే.

ఆయన ఉద్యోగం పరీక్షించడం. మిగతావాళ్ళు ప్రోగ్రాము రాసి, ఇది పనిచేస్తోంది అంటారు. ఎక్కడ పనిచెయ్యదో వెతికి పట్టుకోవడం ఈయన వంతు. జీతం తీసుకుని మరీ అనుమానించడం అన్నమాట. అందుకే ఆఫీసులో ఆయనకి 'అనుమానం' అని పేరు పెట్టారు. యాభై ఎనిమిదేళ్ళవాడు కాబట్టి మర్యాదకి చివర 'గారు' తగిలించారు. 'అనుమానం గారు వచ్చారా?', 'అనుమానం గారికి చూపించావా?' అని ఆయన వినేట్టే అనుకుంటారు. ఆయనేమీ అనుకోడు. సన్నటి పొడుగు మనిషి. మెడ దాకా గుండీలు పెట్టుకున్న చొక్కా, జేబులో చిన్న నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన అరవేలెడు పెన్సిలు. నడుస్తుంటే ఆ పెన్సిలు జేబు బయట ఊగుతూ ఉంటుంది.

వాళ్ళు చేస్తున్నది ఒక పెద్దాసుపత్రి పని. ఏ మంచం మీది రోగికి ఏ మందు ఏ వేళకి ఇవ్వాలో నర్సు చేతిలోని ట్యాబ్ చూపించాలి. ఇన్నాళ్ళూ మంచం కాళ్ళవైపు వేలాడే అట్టల మీద అవన్నీ రాసేవారు. రేపు ఉదయం ఎనిమిది గంటలకి పదకొండు వార్డుల్లోనూ ఆ అట్టలు తీసేసి నర్సుల చేతికి ట్యాబులిస్తారు. ఆసుపత్రి డైరెక్టరు స్వయంగా వస్తాడట. ఫొటోలు కూడా తీస్తారట.

గోడ మీది బోర్డుకి మూడు గడులు. చెయ్యాలి, చేస్తున్నాం, అయిపోయింది. పనికొక చీటీ, మొత్తం అరవై మూడు చీటీలు. పది నెలల కింద అవన్నీ మొదటి గడిలో పావురాల గుంపులా ఉండేవి. ఇప్పుడు అన్నీ మూడో గడిలోకి చేరాయి. మొదటి రోజునే మేనేజరు ఒక నియమం పెట్టాడు. ప్రోగ్రాము రాసినవాళ్ళు తమ చీటీని తామే చివరి గడిలోకి జరపకూడదు. పరీక్షించిన మనిషే జరపాలి. మంచి నియమమే. కానీ అనుమానం గారు నియమాలనీ నమ్మడు. అందుకని తను స్వయంగా చూసి, విరగ్గొట్టబోయి, విరగకపోతేనే జరిపిన ప్రతి చీటీ వెనకా కుడి మూలన పెన్సిలుతో ఒక చుక్క పెట్టుకుంటాడు. ఈ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

ఆ చుక్క అలవాటు ఇక్కడిది కాదు. ఈ పనిలోకి రాక ముందు ఆయన పంకాల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు చేశాడు. పెట్టెలో సర్దే ముందు ప్రతి పంకానీ పావుగంట తిప్పి చూడాలి. ఒక మధ్యాహ్నం భోజనం గంట కొట్టారు. ఇదీ బాగానే ఉంటుందిలే అని ఒక పంకాని తిప్పకుండానే పెట్టెలో పెట్టించాడు. నాలుగు నెలలకి ఏదో బడిలో దాని రెక్క ఊడి పంతులమ్మ భుజం మీద పడింది. ఎముక విరిగింది. ఫ్యాక్టరీలో విచారణ చేశారు కానీ ఆ పంకాని ఎవరు చూశారో తేలలేదు. ఆ పని చేసేవాళ్ళు ఆరుగురు. ఆయనకి మాత్రం తెలుసు. ఎవరూ ఆయన్ని అనుమానించలేదు. అదే ఆయన్ని పట్టుకుంది. మర్నాటి నుంచి చూసిన ప్రతి పంకా లోపలా సుద్దతో చుక్క పెట్టడం మొదలుపెట్టాడు.

అంచేత ఆ ఉదయం చుక్క లేని చీటీ చేతిలో పట్టుకుని నిలబడితే ఆయనకి ఒకటే తోచింది. ఎవరో దీన్ని దొంగతనంగా జరిపారు.

కంప్యూటరు తెరిచి జాబితాలో చూశాడు. 38. పరీక్షించబడింది. సరిగా ఉంది. పోయిన గురువారం, మధ్యాహ్నం మూడూ నలభై. చేసినవారు: ఆయన పేరే.

కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు. నా పేరుతోనా!

నిరుడు భార్య కంటి ఆపరేషనుకి రెండు రోజులు సెలవు పెట్టినప్పుడు పాస్‌వర్డు మేనేజరుకి చెప్పాల్సి వచ్చింది. తరవాత మార్చుకున్నాడు. మార్చినప్పుడు గడ్డం పక్కన లేడూ? గడ్డం అంటే ఎదురు బల్ల కుర్రాడు, ఛాతీ దాకా గడ్డం పెంచుకున్న ప్రోగ్రామరు. ఆ చీటీ మీది పని చేసింది మాత్రం పిడుగు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కీబోర్డు మీద వడగళ్ళవాన కురిపిస్తుందని అందరూ ఆ పేరు పెట్టారు. మేనేజరు, గడ్డం, పిడుగు. ముగ్గురి పేర్లూ నోటుపుస్తకంలో రాసుకుని, పక్కన గీతలు గీసుకున్నాడు. రాస్తుంటే రొమ్ము మధ్యలో ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు అనిపించింది. నాలుగంతస్తులు ఎక్కి వచ్చాడు మరి. లిఫ్టుని ఆయన నమ్మడు. 'దాన్ని పరీక్షించినవాడెవడో నాకు తెలియదు' అంటాడు. మెట్ల మలుపుల దగ్గర ఆగి గడియారం చూసుకుంటుంటే, ఆలస్యంగా వచ్చేవాళ్ళ లెక్క రాస్తున్నాడని కింద గేటు మనిషి అనుకుంటాడు.

ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద కూడా ఒక పసుపు చీటీ ఉంది. మూడు వారాల కింద భార్య ఆయన చొక్కా జేబులోంచి తీసి, 'గుండె డాక్టరు' అని రాసి అంటించింది.

"ఏమిటే ఇది?" అన్నాడాయన.

"మీ ఆఫీసు భాషలో చెప్తే గానీ మీకెక్కదు కదా. చెయ్యాలి అనే గడిలో పెట్టాను. ఎప్పుడు జరుపుతారో జరపండి."

"గ్యాసేనే అది."

"ఊళ్ళోవాళ్ళ ప్రోగ్రాములన్నీ అనుమానిస్తారు, గ్యాసు అంటే మాత్రం గ్యాసేనని నమ్మేస్తారు. ఆ గ్యాసు ఏం లంచమిచ్చిందో మరి!"

ఈ ఉదయం కూడా మంచినీళ్ళ సీసా కోసమని ఫ్రిజ్ దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఆమె పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే, "అక్కడ నుంచుని చూస్తే జరగదది. నడిచి వెళ్తే జరుగుతుంది" అంది. ఆయన పెన్సిలు జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

తొమ్మిదికి గడ్డం వచ్చాడు.

"గురువుగారూ, పొద్దున్నే బోర్డు ముందున్నారంటే ఎవరికో మూడిందన్నమాటే."

"పోయిన గురువారం మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"ఇదేంటండీ, పోలీసు స్టేషన్లో అడిగినట్టు? పోయిన గురువారం ఏం తిన్నానో కూడా గుర్తులేదు నాకు."

"తిన్నదాని సంగతి కాదు. ముప్పై ఎనిమిది ఎవరు జరిపారు?"

"మీరే. ఇంకెవరు జరుపుతారు? నేను ఆ బోర్డు మీద చెయ్యేస్తే మీరు వేలిముద్రలు తీయించరూ!" అని గడ్డం గలగలా నవ్వాడు. అనుమానం గారు నోటుపుస్తకంలో అతని పేరు పక్కన 'నవ్వాడు' అని రాసుకున్నాడు.

పిడుగు వచ్చింది. చెవుల్లో పాటల తీగలు తీస్తూ, "బాబాయ్ గారూ, టీ తాగారా?" అని అడగబోయి, ఆయన చేతిలో చీటీ చూసి ఆగిపోయింది. చూపు దించుకుంది. గబగబా తన కుర్చీలో కూర్చుని, అవసరం లేకపోయినా బల్ల మీది కాగితాలు సర్దింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాడాయన. అదీ రాసుకున్నాడు.

మేనేజరు పదింటికి వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు, మర్యాదస్థుడు. ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేడు. అనలేని మాటలన్నీ కడుపులో దాచుకుని పుల్లటి త్రేనుపులు త్రేనుస్తుంటాడు. ఆ పూట కొత్త చొక్కా వేసుకున్నాడు, రేపటి ఫొటోలకి అలవాటు కోసమేమో.

"ఒక్క చీటీ కదండీ," అన్నాడు, సంగతంతా విని. "అరవై మూడింట్లో ఒకటి. జాబితాలో మీ పేరే ఉంది కూడాను."

"ఉంది. నా బాధే అది."

"మరిచిపోయుంటారేమో."

"నేను మరిచిపోను."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"రేపు పదకొండు వార్డుల్లో వద్దు. ఒక్క వార్డులో మొదలుపెట్టండి. అట్టలు తీసెయ్యొద్దు, నెలరోజులు పక్కనే ఉండనివ్వండి. ఆర్నెల్ల నుంచీ చెప్తున్నాను."

"ఆర్నెల్ల నుంచీ వింటున్నాను కూడా," అన్నాడు మేనేజరు నీరసంగా. "డైరెక్టరు గారికి మాటిచ్చేశామండీ. మొదటి రెండు గడులూ ఖాళీ అయ్యాయని నిన్న బోర్డు ఫొటో కూడా పంపాను. ఇప్పుడెళ్ళి ఏం చెప్పను?"

"ఉన్నది చెప్పండి. చెడ్డకబురు పాలు కాదు, దాచి ఉంచితే పెరుగవడానికి."

మేనేజరు త్రేన్చాడు.

బయటికి వచ్చిన అనుమానం గారికి ఇంకో అనుమానం పుట్టింది. ఈ మేనేజరు 'మీ పేరే ఉంది కూడాను' అన్నాడు. ఎందుకంత నొక్కి చెప్పాలి? అయినా దొంగని పట్టుకోవడం తరవాత, ముందు ఇంట్లో ఏం పోయిందో చూసుకోవాలి. ఫోను తీసి ఆసుపత్రి హెడ్ నర్సుకి చేశాడు.

పది నెలల కింద పని మొదలైనప్పుడు, ఈయనొక్కడే ఆవిడ వార్డులో రెండు రోజులు గోడవారగా నిలబడి చూశాడు. మిగతావాళ్ళు డైరెక్టరు గది సోఫాల్లో కూర్చుని ఆయన చెప్పింది రాసుకొచ్చారు. 'మీరెవరండీ, రోగి తాలూకానా?' అని ఆవిడ మొదట గదిమింది. రెండో రోజు సాయంత్రానికి కుర్చీ వేయించింది.

"అక్కయ్యగారూ, నేను. గోడవార మనిషిని."

"చెప్పు తమ్ముడూ. తొందరగా చెప్పు, మందుల వేళవుతోంది."

"ఒక రోగిని వేరే మంచానికి మార్చారనుకోండి. పాత మంచంలోకి కొత్తవాళ్ళు ఎంతసేపటికి వస్తారు?"

అవతల ఆవిడ నవ్విన చప్పుడు. "ఎంతసేపేమిటి? దుప్పటి మార్చినంతసేపు. వరండాలో నలుగురు కాచుకుని ఉంటారు ఆ మంచం కోసం."

"అంటే మూడు నిమిషాలు?"

"మా పిల్లలు చురుగ్గా ఉంటే రెండు."

ఆయన బల్ల దగ్గర కూర్చుని ఇద్దరు ఉత్తుత్తి రోగులని సృష్టించాడు. ఆయన రోగులకి ఎప్పుడూ పేర్లుండవు. ఒకరు చక్కెర తాత, ఇంకొకరు జ్వరం పాప. తాతని ఏడో మంచం మీద పడుకోబెట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఇన్సులిన్ సూదిమందు రాశాడు. పన్నెండూ యాభై ఆరుకి తాతని పన్నెండో మంచానికి మార్చాడు. గడియారం పట్టుకుని రెండు నిమిషాలు ఊరుకుని, దుప్పటి మార్చినట్టే, జ్వరం పాపని ఏడో మంచంలో వేశాడు. ఒంటిగంట కొట్టింది. ట్యాబ్ మోగింది.

ఏడో మంచం. ఇన్సులిన్ సూదిమందు ఇవ్వండి.

ఆయన కదలకుండా ఆ తెరనే చూస్తూ ఉండిపోయాడు. నాలుగేళ్ళ పాప, ఒళ్ళు కాలిపోతూ, కళ్ళు మూసుకుని. సూది పట్టుకుని వచ్చిన నర్సు. రేపు ఇదే వేళకి.

మళ్ళీ చేశాడు. పది నిమిషాలు ఆగి చేస్తే సరిగానే వచ్చింది. మూడు నిమిషాల్లో చేస్తే మళ్ళీ తప్పే. నాలుగోసారికి గుట్టు దొరికింది. ట్యాబ్ అయిదు నిమిషాలకోసారి మాత్రమే లోపలి సంగతులు తెచ్చుకుంటోంది. ఆ అయిదు నిమిషాల్లో మంచం మీద మనిషి మారితే దానికి తెలియదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి అయిదు నిమిషాలు ఒక లెక్కా? టీకి వెళ్ళొస్తే గడిచిపోతుంది. వార్డులో ఆ అయిదు నిమిషాల్లో ఒకరు లేచి వెళ్ళి, ఇంకొకరు వచ్చి పడుకుంటారు.

టిఫిన్ డబ్బా మూత తియ్యలేదాయన. చొక్కా జేబు కింద అరచేత్తో అదిమిపెట్టుకుని కాసేపు కూర్చుని, లేచి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. చూపించాడు. మేనేజరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. గడ్డాన్నీ పిడుగునీ లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"ఇది గురువారం సరిగా ఉందని జాబితాలో ఉంది," అన్నాడు మేనేజరు. ఈసారి గొంతు గట్టిగానే ఉంది. "ఇవాళ తప్పుగా ఉంది. ఈ మధ్యలో ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనైతే దాని జోలికే పోలేదు," అన్నాడు గడ్డం. అతను నవ్వడం లేదిప్పుడు.

పిడుగు గోడకి ఆనుకుంది. "నేను కూడా... అప్పట్నుంచీ ముట్టుకోలేదండీ."

"అయితే గురువారమే తప్పుగా ఉండాలి. మరి సరిగా ఉందని ఎవరు పెట్టారు?"

"నేను పెట్టలేదు," అన్నాడు అనుమానం గారు. "నా పేరుతో ఇంకెవరో పెట్టారు."

ఆయన చూపు ముగ్గురి మీదా తిరిగి పిడుగు దగ్గర ఆగింది. పని ఆమెది. పొద్దున చూపు దించుకున్నది ఆమె. గడ్డం, మేనేజరు కూడా అటే చూశారు. ఆ పిల్ల ఏదో చెప్పబోయి, ఆయన ముఖంలోకి చూసి, మానుకుంది.

"రుజువుందా మీ దగ్గర?" అన్నాడు మేనేజరు. "చిన్న మాట కాదండీ ఇది. ఉద్యోగాలు పోయే మాట."

"ఉంది. నేను చూసినవన్నీ పుస్తకంలో రాసుకుంటాను. పోయిన వారం పుస్తకం నిండిపోతే సొరుగులో పడేశాను. గురువారం పేజీలో ముప్పై ఎనిమిది ఉండదు. చూపిస్తాను ఉండండి."

వెళ్ళి అడుగు సొరుగులోంచి పాత పుస్తకం తెచ్చాడు. నిలబడే పేజీలు తిప్పాడు. గురువారం. ముప్పై నాలుగు: ఏడుసార్లు చేశాను, సరే. ముప్పై ఆరు: నాలుగుసార్లు. ముప్పై ఏడు.

వేలు ఆగిపోయింది.

అక్షరాలు ఆయనవే. కాస్త వంకరగా, గీత దాటి కిందికి జారి ఉన్నాయి. '38. అమ్మాయి చూసిందట. సరే.'

అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కసారిగా కాదు, మొదట మెడ దగ్గర తడిసిన కాలరు గుర్తొచ్చింది. ఆ రోజు భోజనం చేసి మెట్లెక్కి వచ్చాక కుర్చీలో కూలబడ్డాడు. చెమటలు. ఎడమ చెయ్యి రాయిలా బరువు. పక్కన పిడుగు గ్లాసుతో నీళ్ళు పట్టుకుని నిలబడి, 'ముప్పై ఎనిమిది అయిపోయింది బాబాయ్ గారూ, నేను మొత్తం చూసేశాను, మీరు కాసేపు పడుకోండి' అంది. ఆయన సరే అన్నాడు. కంప్యూటర్లో సరే అని కొట్టాడు. లేచి చీటీ జరిపాడు. చెయ్యి మాత్రం అబద్ధమాడలేదు, చుక్క పెట్టలేదు.

మిగతా ముగ్గురూ ఆయన వంకే చూస్తున్నారు. వాళ్ళు నిలబడ్డ చోటికి పుస్తకంలోని అక్షరాలు కనబడవు. పుస్తకం మూసి, 'చెప్పానుగా, లేదు' అంటే చాలు. ఆరుగురిలో ఒకడు. ఎవరూ అనుమానించరు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నాడు.

"ముప్పై ఎనిమిది," అని పైకి చదివాడు. "అమ్మాయి చూసిందట. సరే." పుస్తకం మేనేజరు బల్ల మీద తెరిచే పెట్టాడు. "నా రాతే. నేనే పెట్టాను. చూడకుండా పెట్టాను. పొద్దుట్నుంచీ మిమ్మల్ని ముగ్గుర్నీ దొంగల్లా చూశాను. క్షమించండి."

గడ్డం గొంతు సవరించుకున్నాడు. "గురువుగారూ, పొద్దున మీరు పుస్తకంలో నా గురించి ఏం రాశారండీ?"

"నవ్వాడు అని రాశాను."

"అది కొట్టెయ్యకండి. నా మీద ఇంతవరకూ ఎవరూ రాసిన మంచిమాట అదొక్కటే."

ఎవరికీ నవ్వు రాలేదు కానీ గదిలో గాలి కాస్త కదిలింది. మేనేజరు ఆ పుస్తకాన్ని చాలాసేపు చూశాడు. తరవాత ఫోను తీసి, వాళ్ళని బయటికి పంపకుండానే, డైరెక్టరుకి చేశాడు. "సర్, రేపు కుదరదండీ. తప్పు దొరికింది... అవునండీ, మందు ఒకరిది ఒకరికి వెళ్ళే తప్పు... ఫొటో పంపిన మాట నిజమేనండీ. ఆ ఫొటో తప్పు... వారం కావాలి. అది కూడా ఒక్క వార్డుతోనే మొదలు పెడతాం. అట్టలు ఉండాలి సర్... లేదండీ. బాధ్యత నాదే." అవతలివాడు ఏమన్నాడో గానీ మేనేజరు చెవి దగ్గర్నుంచి ఫోను కొంచెం దూరంగా పట్టుకున్నాడు. పెట్టేశాక కొత్త చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. ఆ సాయంత్రమంతా త్రేన్చలేదు.

బోర్డు దగ్గర అనుమానం గారు ముప్పై ఎనిమిదో చీటీని మూడో గడిలోంచి తీసి మొదటి గడిలో అంటించాడు. అంత ఖాళీ గడిలో అదొక్కటే. పిడుగు వచ్చి పక్కన నిలబడింది.

"ఆ రోజు నేను చూశానన్నది అబద్ధం కాదు బాబాయ్ గారూ. మంచం మార్చి, భోజనానికెళ్ళొచ్చి చూశాను. సరిగానే ఉంది."

"తెలుసు. ఎంతసేపు ఆగావని నేనడగలేదు. అడగడానికే నాకు జీతం ఇస్తున్నారు." ఆయన ఆమె వైపు తిరిగాడు. "మరి పొద్దున చూపెందుకు దించుకున్నావు?"

"మీరు చీటీ తిరగేసి చూస్తున్నారు. చుక్క లేదని అర్థమైంది."

"చుక్క సంగతి నీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు బాబాయ్ గారూ. చీటీ జరపగానే మీ చుక్క పడిందో లేదో చూసుకోందే గడ్డం ఇంటికెళ్ళడు. ఆ రోజు మీ ఒంట్లో బాగాలేదు, దానికి చుక్క పడలేదని నేను చూశాను. మీకు చెప్దామనుకున్నాను. చెప్తే నామీద నాకే నమ్మకం లేదనుకుంటారని..." ఆగింది. "లోపల కూడా చెప్పబోయాను. మిమ్మల్ని అందరి ముందూ..."

ఆయన నోటుపుస్తకం దారం విప్పి, పెన్సిలు ఆమె చేతిలో పెట్టాడు. "రేపు నువ్వు గడ్డం పని చూడు. నీది కాని చీటీలు నువ్వు చూడు. నీ చీటీ గడ్డం చూస్తాడు. నేను రేపు పదకొండుకి వస్తాను. ఒక చోటికి వెళ్ళాల్సి ఉంది. ఎలాగూ రేపు ట్యాబుల విడుదల లేదుగా."

"ఎక్కడికండీ?"

"ఒక పరీక్షకి."

ఆ సాయంత్రం, ఆ భవనంలో చేరాక మొదటిసారి, ఆయన లిఫ్టు ముందు నిలబడ్డాడు. పిడుగు నోరు తెరిచి చూసింది. లోపలికి ఎక్కి, పైకప్పునీ మూలలనీ చూస్తూ, "దీన్నెవరు పరీక్షించారో నీకు తెలుసా అమ్మాయ్?" అన్నాడు.

"తెలీదు బాబాయ్ గారూ."

"పోనీలే," అన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దిగాల్సిన స్టాపులో దిగలేదు. ఆఖరి స్టాపులో అందరూ దిగిపోయాక కండక్టరు వచ్చి, "పెద్దాయనా, ఇక్కడితో ఆఖరు" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన నుదురు కిటికీ అద్దానికి ఆని ఉంది. అద్దం మీద ఊపిరి తాలూకు మసక అప్పటికే ఆరిపోయింది.

పది రోజుల తరవాత మేనేజరూ పిడుగూ ఆయన ఇంటికి వచ్చారు. ఆయన కప్పు, టిఫిన్ డబ్బా, ఇరవై మూడు నోటుపుస్తకాలు ఒక సంచిలో తెచ్చారు. ఆసుపత్రిలో ఒక్క వార్డులో మొదలైందనీ, హెడ్ నర్సు 'గోడవార తమ్ముడు' ఏడని అడిగిందనీ మేనేజరు చెప్పాడు. పెన్సిలు పిడుగు జేబులోంచి దారంతో వేలాడుతోంది. ఆయన భార్య దాన్ని చూసింది కానీ అడగలేదు.

"మంచినీళ్ళు తెస్తాను ఉండండి" అని ఆమె వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ తలుపు మీద పసుపు చీటీ అలాగే ఉంది. ఈ పది రోజులూ దాన్ని తాకడానికి ఆమెకి చెయ్యి రాలేదు. ఇప్పుడు గోటితో పై మూల లేపింది. ఊడి వచ్చింది. వెనక్కి తిప్పింది.

వెనకంతా సన్నటి పెన్సిలు రాత. ఒకదాని కింద ఒకటి, తేదీలు వేసి.

'ఆఫీసు మెట్లు. 40 దగ్గర నొప్పి. ఆగితే 2 నిమిషాలకి పోయింది.'

'31 దగ్గర. 3 ని.'

'గురువారం. 22. ఎడమ చెయ్యి. చెమట. 11 ని.'

'ఇంటి మెట్లు. 14 దగ్గర. 6 ని. గ్యాసు కాదు. విడుదల అయ్యాక వెళ్ళాలి. దానికి చెప్పొద్దు, భయపడుతుంది.'

ఆఖరి తేదీ ఆయన వెళ్ళిపోయిన రోజుది. ఆ ఉదయం నీళ్ళ సీసా కోసమని ఆయన ఇక్కడే నిలబడ్డాడు. ఆమె పొయ్యి దగ్గర ఉండి, అటు తిరిగే మాట్లాడింది.

ముందు గదిలోంచి ఆ పిల్ల గొంతు వినబడింది, "సాయం రానా పిన్నిగారూ?" అని. వద్దమ్మా, వస్తున్నానంది. చీటీ కుడి మూలన బొటనవేలితో ఒకసారి తడిమి, దాన్ని మళ్ళీ తీసిన చోటే పెట్టి అదిమింది. జిగురు చాలావరకు చచ్చిపోయింది. ఆమె నీళ్ళ సీసా తీసి ఫ్రిజ్ తలుపు వేసిన విసురుకి పసుపు కాగితం కింది మూల ఒకసారి పైకి లేచి, తిరిగి తలుపుకి ఆనుకుంది.